పదిమంది రాసినా ఒకే చేతి రాత

బెంగుళూరులోనో పుణేలోనో సాఫ్ట్‌వేరు పనిచేసే మన పిల్లల నోట 'కోడింగ్ స్టైల్' అన్న మాట వింటూ ఉంటాం. ఏమిటది? పదిమంది కలిసి రాసే ప్రోగ్రాము ఒకే చేతి రాతలా ఉండాలన్న కట్టుబాటు.

1991లో మొదలైన లినక్స్‌లో వరుసను ఒక మెట్టు లోపలికి జరపాలంటే 8 అక్షరాల ఎడం వదలాలి. పైథాన్ భాషకు 2001లో రాసిన 'పెప్ 8' నియమావళి 4 చాలంటుంది. కంప్యూటరుకు రెండూ ఒకటే. తేడా చదివే మనిషికే!

ఒక చిన్న తప్పు దిద్దబోయి, ఫైలంతా తన అలవాటుకు మార్చేస్తే అసలు దిద్దుబాటు ఆ గందరగోళంలో కలిసిపోతుంది. పరిశీలించేవారి కన్నుగప్పి కొత్త తప్పు దూరిపోవచ్చు. అందుకే కొత్తగా చేరినవారు ముందు అక్కడి పద్ధతి చూసి, అలాగే రాయాలి. మార్పు కావాలంటే విడిగా అడగాలి.

ఇంట్లో తెలుగు, వీధిలో వీధి భాష మాట్లాడుకునే మన కుటుంబాలకు ఈ మర్యాద వేరే నేర్పాలా?