ఫైటర్ ఫిష్ తోక చిరుగుతోందా? మందు కొనే ముందు ఈ రెండూ చూడండి!

చిన్న గాజు గిన్నె.. అందులో నీలం, ఎరుపు రంగుల్లో మెరిసిపోయే ఒకే ఒక్క చేప. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్ గదుల్లో, తార్నాక అద్దె ఇళ్లలో కుక్కనో పిల్లినో పెంచుకోవడం అందరికీ కుదిరే పని కాదు. అలాంటి వాళ్లకు టేబుల్ మీద ఇమిడిపోయే తోడు ఈ ఫైటర్ ఫిష్. దీని అసలు పేరు బెట్టా. స్వస్థలం థాయ్‌లాండ్. ఆ దేశం 2019లో దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది కూడా.

అయితే తెచ్చిన కొన్నాళ్లకే పట్టు కుచ్చుల్లా ఊగాల్సిన తోక చివర్లు చిరిగి, కరిగిపోతున్నట్టు కనిపిస్తాయి. కంగారుగా షాపుకెళ్లి ఏదో ఒక మందు తెచ్చి పోసేస్తుంటారు. కానీ చాలా సందర్భాల్లో చేపను కాపాడేది సీసాలోని మందు కాదు.. గిన్నెలోని నీళ్లే. అందుకే ముందు చూడాల్సినవి రెండు. ఒకటి తోక అంచు, రెండోది నీళ్లు.

అంచు ఏం చెబుతోంది?

తోక పాడవడానికి ప్రధానంగా మూడు కారణాలుంటాయి. మూడింటి గుర్తులూ వేరు.

మొదటిది చిరుగు. బట్ట చినిగినట్టు నిలువుగా గీత పడుతుంది. రంగు మారదు. ప్లాస్టిక్ మొక్కలు, గరుకు రాళ్లు, ఫిల్టర్ లాగే వేగం దీనికి కారణాలు. పలుచని చున్నీని ఆ మొక్కల మీదుగా లాగి చూడండి. దారం పట్టుకుందంటే చేప తోకా పట్టుకుంటుంది. దాన్ని బయట పడేయడమే మందు.

రెండోది కొరుకుడు. రాత్రి బాగానే ఉన్న తోకలో తెల్లారేసరికి ముక్క మాయమవుతుంది. అంచు అర్ధచంద్రాకారంలో కనిపిస్తుంది. పొడవాటి తోకలున్న రకాలు ఒత్తిడికి గురైతే తమ తోకను తామే కొరుక్కుంటాయి. గాజులో తన నీడను చూసి పోట్లాటకు దిగడం, నీటి ప్రవాహం ఎక్కువగా ఉండటం ఆ ఒత్తిడిని పెంచుతాయి. ఇక రెండు మగ చేపల్ని ఒకే తొట్టిలో వేస్తే చెప్పేదేముంది.. ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి.

మూడోది ఫిన్ రాట్, అంటే రెక్క కుళ్లు. ఇది బ్యాక్టీరియా వల్ల వస్తుంది. అంచులు నల్లగా, ఎర్రగా లేదా పాలిపోయినట్టు మారతాయి. రోజురోజుకూ తోక పొట్టిదవుతూ వస్తుంది. మొదటి రెండింటినీ పట్టించుకోకపోతే, ఆ గాయం మీదే ఈ మూడోది మొదలయ్యే ప్రమాదం ఉంది.

ఏది అనేది తేల్చుకోలేకపోతే ఫోన్ తీయండి. రోజూ ఒకే టైమ్‌లో, ఒకే వైపు నుంచి ఫొటో తీయండి. మూడు రోజుల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే పెరుగుతోందా, ఆగిందా అన్నది తెలిసిపోతుంది.

నీళ్లలో ఏం జరుగుతోంది?

చేప విసర్జన, తినకుండా వదిలేసిన మేత కలిసి నీటిలో అమ్మోనియాగా మారతాయి. నీళ్లు తేటగా కనిపించినా అది ఉండొచ్చు. అమ్మోనియా మొప్పల్ని, రెక్కల్ని దెబ్బతీస్తుంది. పెద్ద తొట్టిలో ఫిల్టర్‌కు పట్టి ఉండే మంచి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చేస్తుంది. రెండు లీటర్ల గిన్నెలో ఆ అవకాశం దాదాపు ఉండదు.

బెట్టా నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. అందుకే గిన్నెలోనైనా బతికేస్తుందనే పేరు వచ్చింది. కానీ గాలి పీల్చుకోవడం వేరు, విషం తట్టుకోవడం వేరు. టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి.

ఇంకో సమస్య నల్లా నీళ్లు. వాటిలో క్లోరిన్ ఉంటుంది. మనకు అది రక్షణ, చేప మొప్పలకు మంట. కాబట్టి యాంటీ క్లోరిన్ చుక్కలు కలపాలి. లేదంటే మూత లేని బకెట్‌లో 24 గంటలు ఉంచి వాడాలి.

చలికాలం సంగతి మరీ ముఖ్యం. బెట్టాకు 25 నుంచి 27 డిగ్రీల నీళ్లు కావాలి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో హైదరాబాద్‌లో గదిలోని నీళ్లు అంతకంటే బాగా చల్లబడతాయి. అప్పుడు చేపలో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. హాస్టల్‌లో హీటర్ పెట్టనివ్వకపోతే తొట్టిని కిటికీకి, ఫ్యాన్ గాలికి దూరంగా ఉంచండి. నీళ్లు ఎక్కువుంటే త్వరగా చల్లబడవు. కనీసం 15 నుంచి 20 లీటర్ల తొట్టి కావాలనేది ఇందుకే.

మరి చికిత్స ఎలా?

రోజూ నాలుగో వంతు నీళ్లు తీసి, అదే వేడి ఉన్న, క్లోరిన్ లేని నీళ్లు పోయండి. గిన్నె మొత్తం ఒకేసారి ఖాళీ చేసి సబ్బుతో కడగడం మాత్రం వద్దు. మేత తగ్గించండి. మిగిలింది వెంటనే తీసేయండి. మామూలు చిరుగులకు ఇంతే చాలు.

అంచులు ఇంకా కరుగుతుంటే అక్వేరియం సాల్ట్ సాయపడుతుంది. 10 లీటర్లకు సుమారు 10 గ్రాములు, విడిగా కరిగించి కొద్దికొద్దిగా కలపాలి. వారం, పది రోజులకు మించి వాడొద్దు. నీళ్లు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు. తగ్గిన నీటిని నింపేటప్పుడు మళ్లీ ఉప్పు వేయకూడదు.

మన వీధుల్లో కనిపించే బాదం చెట్టు ఎండుటాకు కూడా వాడతారు. ఒక ఆకు వేస్తే నీళ్లు టీ రంగులోకి మారి చేపకు హాయిగా ఉంటుంది. అయితే ముదిరిన కుళ్లును ఆకు నయం చేయదు. రోడ్డు పక్క పొగ, పురుగుమందు తగలని చెట్టు ఆకే ఏరుకోవాలి.

మెడికల్ షాపు యాంటీబయాటిక్ క్యాప్సూల్ విప్పి గిన్నెలో పోయడం అస్సలు వద్దు. మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోయి అమ్మోనియా మళ్లీ పెరగొచ్చు. పైగా మందులకు లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది. కుళ్లు తోక మొదలుదాకా వచ్చినా, మూతి మీద లేదా వీపు మీద దూది లాంటి తెల్ల మచ్చలు కనిపించినా, మేత ముట్టకుండా అడుగున పడి ఉన్నా.. ఆలస్యం చేయకుండా చేపలను చూసే వెటర్నరీ డాక్టర్‌ను అడగాలి.

తోక మళ్లీ వస్తుందా?

వస్తుంది. చేప రెక్కలకు తిరిగి పెరిగే గుణం ఉంది. తార్నాకకు దగ్గర్లోనే ఉప్పల్ రోడ్డులో ఉన్న సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇదే గుణాన్ని జీబ్రాఫిష్‌లో పరిశీలించారు. కత్తిరించిన తోక తిరిగి పెరిగేటప్పుడు ప్రొటీన్లు ఎలా మారతాయో 2012లో ప్రచురించారు. జీబ్రాఫిష్‌కు రెండు వారాల్లోనే తోక చాలావరకు వచ్చేస్తుంది. బెట్టాది పొడవాటి తోక కాబట్టి నెల, రెండు నెలలు పట్టొచ్చు. తోక మొదలు వరకూ కుళ్లితే మాత్రం పూర్తిగా రాకపోవచ్చు.

కొత్తగా వచ్చే అంచు పారదర్శకంగా, తెల్లగా ఉంటుంది. దాన్ని చూసి కుళ్లు తిరగబెట్టిందనుకుని మళ్లీ మందు పోసేవాళ్లున్నారు. తోక పొడవు పెరుగుతుంటే అది కొత్త చిగురే.

ఇక సంక్రాంతికి ఊరెళ్లే హాస్టల్ విద్యార్థులకు ఒక మాట. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప మూడు, నాలుగు రోజులు మేత లేకపోయినా ఉండగలదు. వెళ్లేముందు గుప్పెడు మేత వేసి వెళ్లడమే ప్రమాదం. అది కుళ్లి నీళ్లు విషమవుతాయి. పైగా అది చలికాలం. కాబట్టి ముందురోజు నాలుగో వంతు నీళ్లు మార్చి, మేత వేయకుండా వెళ్లండి. అంతకంటే ఎక్కువ రోజులైతే పక్క గది ఫ్రెండ్‌కు ఒక్కో పూటకు రెండు, మూడు గింజల చొప్పున పొట్లాలు కట్టి ఇచ్చి వెళ్లండి.