ఆసు పోసిన చేతులు

బడంగుపేటలో మా పొరుగింటి క్రొత్తకోడలు మేము పెండ్లికి కట్టిన పోచంపల్లి పట్టుచీరెను చూచి, “అక్కా, ఒక్క చీరెకు ఇంత వెలయా?” యని యడిగినది. మేము బదులు చెప్పలేకపోతిమి. అందుచేత బడి సెలవునాడు మా వారితో ఎల్.బి.నగరు మీదుగా విజయవాడ బాట పట్టి, ఆ యూరికే పోయి చూచి వచ్చితిమి.

పట్టుపురుగు గూటినుండి తీసిన దారము తొలుత మెరయదు. దానికి బంక పట్టియుండును. సబ్బునీట మరిగించి ఆ బంకను పోగొట్టినచో బరువులో ఇంచుమించు నాలుగవ వంతు తరిగిపోవును. కొన్న సరకులో పావువంతు నీళ్లపాలగుట ఏ గృహిణికి కష్టముగా నుండదు!

పిమ్మట ఆసు. చట్రమునకు ఒకవైపు ఒంటి మేకు, రెండవవైపు అర్ధచంద్రాకారముగా వరుస మేకులు. పేకదారమును ఈ కొననుండి ఆ కొనకు చేతితో చుట్టుచు పోవలయును. ఒక్క చీరెకు చేయి సుమారు 9,000 మార్లు పోయి రావలయునట! తరతరములుగా ఇది ఆడవారి పని. వంట, బిడ్డలు, ఆపైన ఆసు. తల్లి లక్ష్మి భుజముల నొప్పితో బాధపడుట చూడలేక, ఆరవ తరగతితో చదువు మానిన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును సాధించెను. దానికి తల్లి పేరే పెట్టెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను.

ఆసు దిగిన దారముపై గురుతులు పెట్టి, రబ్బరు పట్టీలతో బిగించి, రంగులో ముంచుదురు. కట్టినచోట రంగు పట్టదు. విప్పి, వేరొకచోట కట్టి, మరల ముంచుదురు. అనగా మగ్గమెక్కకమునుపే పువ్వు దారములో దాగియుండును. నేతలో ఒక్క పోగు జరిగినను పువ్వు చెదరును. అందుచేతనే నిజమైన చీరెలో పువ్వుల అంచులు కొంచెము అలికినట్లుండును, రంగు రెండువైపుల సమానముగా నుండును. అచ్చు గుడ్డను తిరుగవేసినచో వెనుకవైపు వెలవెలబోవును. కొనునపుడు ఈ పరీక్ష మరువకుడు.

ఇంటికి వచ్చి కోడలిని పిలిచి, చీరె తిరుగవేసి, అంతయు వివరించితిమి. పట్టు వెల, రంగుల వెల, నేతకూలి కూడ చెప్పితిమి. ఆ పిల్ల కొంతసేపు చీరెను నిమిరి, “మరి ఆసు పోసినామెకేమిత్తురక్కా?” యని యడిగినది.

మేమది యడుగనే లేదు.