తొర్రలో కెమెరా

సింగపూర్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి ఆకాశహర్మ్యాలు, లిటిల్ ఇండియా, ముస్తఫా. అక్కడ పల్లెటూరు కూడా ఒకటి మిగిలుందంటే చాలామంది నమ్మరు. చాంగి పాయింట్‌లో పడవెక్కితే పది నిమిషాల్లో పులావ్ ఉబిన్ దీవి వస్తుంది. రేకుల కప్పుల ఇళ్ళు, మట్టిదారులు, కొబ్బరిచెట్లు. బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని నేను తరచు వెళ్ళే చోటు అదే.

అక్కడ నన్ను కట్టిపడేసే పక్షి ఓరియెంటల్ పైడ్ హార్న్‌బిల్. నలుపు తెలుపు ఒళ్ళు, పెద్ద పసుప్పచ్చ ముక్కు, దాని మీద ఇంకో ముక్కు అతికించినట్టు ఓ డొప్ప. పంతొమ్మిదో శతాబ్దంలోనే సింగపూర్‌లో కనుమరుగైన ఈ పక్షి 1994లో ఉబిన్‌లో మళ్ళీ కనిపించింది. 1997లో అక్కడే పిల్లల్ని పెట్టింది.

దీని కాపురం మహా విచిత్రం. ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి, మట్టితో, రెట్టతో వాకిలి మూసేసుకుంటుంది. సన్నటి చీలిక ఒక్కటే మిగులుతుంది. గుడ్లు పెట్టడం, పొదగడం అన్నీ లోపలే. మగపక్షి మర్రిజాతి పండ్లు, పురుగులు, బల్లులు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తుంది. బైనాక్యులర్స్‌తో నేను చూడగలిగింది అంతవరకే.

అసలు చిక్కేమిటంటే, ఇంత పెద్ద పక్షి పట్టే తొర్ర కావాలంటే ముసలి మహావృక్షాలుండాలి. ఉబిన్‌లో అవి తక్కువ. అందుకని 2000ల్లో నేషనల్ పార్క్స్ బోర్డు, జురాంగ్ బర్డ్ పార్క్, పరిశోధకులు కలిసి చెట్లకి చెక్కపెట్టెలు కట్టారు. నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీ వాళ్ళు వాటిలో కెమెరాలు, ఉష్ణోగ్రత, తేమ, బరువు కొలిచే సెన్సర్లు అమర్చారు. మన భాషలో చెప్పాలంటే, అంతదాకా బ్లాక్ బాక్స్‌గా ఉన్న గూటికి లాగింగ్ మొదలైందన్నమాట.

ఆ లాగ్‌లో ఎవరూ ఊహించని దృశ్యం పడింది. తల్లే తన కూనని చంపి తినడం! 2011లో పరిశోధకులు దీన్ని శాస్త్రపత్రికలో ప్రచురించారు. గుడ్లన్నీ ఒకేసారి పగలవు కాబట్టి ఆఖరిది బాగా చిన్నదిగా ఉండిపోతుంది. తిండి అంతా ఒక్క మగపక్షి తేవాలి. మనకి క్రౌర్యంగా తోచేది ఆ చీకట్లో బహుశా లెక్క మాత్రమే.

పెట్టెలు ఫలించాయి. ఇప్పుడు ఈ పక్షులు ఉబిన్ దాటి, ప్రధాన ద్వీపంలో అపార్ట్‌మెంట్ల మధ్య కూడా కనిపిస్తున్నాయి. సింగపూర్ వచ్చినప్పుడు ఒక పూట ఉబిన్‌కి కేటాయించండి. గూడు కంటబడితే మాత్రం దూరంగా నిలబడండి. లోపలికి తొంగిచూసే పని కెమెరాలకి వదిలేద్దాం.