ఇంటర్వెన్షనల్ కార్డియాలజీ ఫెలోషిప్: దరఖాస్తు, ముఖాముఖి, ఎంపిక – ఒక పరిశీలన

1. ప్రవేశిక:

1977 సెప్టెంబర్ 16వ తేదీన జ్యూరిచ్ నగరంలో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మెలకువగా ఉన్న రోగి హృదయధమనిలోకి సన్నని గొట్టాన్ని పంపి, దాని కొనన ఉన్న బెలూన్‌ను ఉబ్బించి, మూసుకుపోతున్న ధమనిని తెరిచాడు. ఛాతీని కోయకుండా గుండెకు చికిత్స చేయవచ్చునని ఆనాడు రుజువయింది. మరుసటి సంవత్సరమే ఆయన ఇతర వైద్యుల కోసం ప్రత్యక్ష ప్రదర్శన తరగతులు మొదలుపెట్టాడు. 1980లో అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడా ఈ విద్యను నేర్పాడు. తొలితరం వైద్యులు దీనిని చూసి, చేసి నేర్చుకున్నవారే. వారికి పాఠ్యప్రణాళిక లేదు, పరీక్ష లేదు.

కొద్ది రోజుల ప్రదర్శనలు చూసి నేర్చుకున్న విద్య ఈనాడు అమెరికాలో ప్రవేశానికే సుదీర్ఘ నిరీక్షణను కోరే శిక్షణగా మారింది. వైద్యపట్టా తరువాత మూడేళ్ళ ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ, మూడేళ్ళ కార్డియాలజీ ఫెలోషిప్, ఆపైన ఒక సంవత్సరం ఇంటర్వెన్షనల్ కార్డియాలజీ. అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ ఈ ఉపశాఖకు తొలి ధ్రువీకరణ పరీక్షను 1999లో నిర్వహించింది. శిక్షణ కాలంలో కనీసం 250 ధమనీ చికిత్సలు చేసి ఉండాలన్నది నియమం. సంవత్సరం అంటే పన్నెండు నెలలు మాత్రమే. ఆ పన్నెండు నెలలు ఏ ఆసుపత్రిలో, ఎవరి పక్కన నిలబడి గడిచాయన్నదాని మీద ఒక వైద్యుని చేతి నేర్పు జీవితాంతం ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఆ ఒక్క స్థానం ఎలా దక్కుతుందన్న ప్రశ్న అభ్యర్థికి మాత్రమే సంబంధించినది కాదు, రేపు అతని బల్ల మీద పడుకోబోయే రోగికీ సంబంధించినదే. ఆ ఎంపిక జరిగే తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. దరఖాస్తు:

దరఖాస్తులు ప్రధానంగా అమెరికా వైద్యకళాశాలల సంఘం నిర్వహించే 'ఈరాస్' అనే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ద్వారా వెళతాయి. అభ్యర్థి విద్యావివరాలు, పరిశోధనలు, స్వీయప్రకటన, సిఫారసు లేఖలు అందులో ఉంటాయి. ఒక్కొక్క శిక్షణకేంద్రానికి గరిష్ఠంగా నాలుగు లేఖలు జతచేయవచ్చు. వీటన్నిటిలో బరువైనది క్యాథ్‌ల్యాబ్ సంచాలకుని లేఖ. అభ్యర్థి చేతులను చూసినవాడు ఆయనే. ప్రఖ్యాత పరిశోధకుని నుండి వచ్చిన మర్యాదపూర్వకమైన లేఖ కంటే, రాత్రి రెండు గంటలకు గుండెపోటు రోగి వచ్చినప్పుడు అభ్యర్థి ఎలా ప్రవర్తించాడో నాలుగు వాక్యాలలో చెప్పగల అంతగా పేరులేని వైద్యుని లేఖ ఎక్కువ మేలు చేస్తుంది.

స్వీయప్రకటన విషయంలో ఒక మాట చెప్పుకోవాలి. తాతగారికో తండ్రికో గుండెపోటు వచ్చిన సంఘటనతో మొదలయ్యే ప్రకటనలను ఎంపికసంఘాలు చదివి చదివి అలసిపోయి ఉంటాయి. ఆ అనుభవం నిజమే కావచ్చు, కాని అది కార్డియాలజీని ఎందుకు ఎంచుకున్నారో చెబుతుందే తప్ప ఇంటర్వెన్షన్‌ను ఎందుకు ఎంచుకున్నారో చెప్పదు. ఎకోకార్డియోగ్రఫీ, ఎలక్ట్రోఫిజియాలజీ, గుండె వైఫల్య చికిత్స అనే దారులు కూడా తెరిచే ఉండగా ఇటే ఎందుకు రావాలన్న ప్రశ్నకు జవాబే ఆ పుట రాయడానికి కారణం.

కాగితం మీద కనిపించని అంశం మరొకటి ఉంది. ఈ ఉపశాఖ చిన్నది. సంచాలకులు ఒకరినొకరు ఎరుగుదురు. ఒక ఫోన్ పిలుపు పది పుటల దరఖాస్తును పక్కకు నెట్టగలదు. పెద్ద విశ్వవిద్యాలయంలో ఉన్నవారికి ఈ పలుకుబడి అప్రయత్నంగా లభిస్తుంది. చిన్న ఆసుపత్రులలో కార్డియాలజీ చేసిన వారికి, వారిలో చెప్పుకోదగిన సంఖ్యలో ఉండే విదేశీ పట్టభద్రులకు, అది లభించదు. ఎంపిక విధానంలోని అసమానతలకు మూలం ప్రతిభ కంటే ఈ పరిచయాల వలలోనే ఎక్కువగా ఉందనడం అతిశయోక్తి కాదు.

3. ముఖాముఖి:

భారతదేశంలో 2017 నుండి డి.ఎం. కార్డియాలజీ ప్రవేశాలు నీట్ సూపర్ స్పెషాలిటీ ర్యాంకు ఆధారంగా, కౌన్సెలింగ్ ద్వారా జరుగుతున్నాయి. అక్కడ మాటకు చోటు లేదు, అంకెదే నిర్ణయం. అమెరికా ఫెలోషిప్‌లో ఈ స్థాయికి చేరేసరికి అంకెల ప్రాధాన్యం దాదాపు తగ్గిపోతుంది. దరఖాస్తుదారులందరూ చదువులో సమర్థులే కాబట్టి, తేడా తెలిసేది ముఖాముఖిలోనే. 2020లో కోవిడ్ వ్యాప్తితో ఇవి అంతర్జాలానికి మారాయి. ప్రయాణ వ్యయం తగ్గింది. కాని క్యాథ్‌ల్యాబ్‌ను కంటితో చూసి, అక్కడి నర్సులతో, సాంకేతిక నిపుణులతో నాలుగు మాటలు మాట్లాడే అవకాశం కూడా చాలా మేరకు పోయింది.

తప్పనిసరిగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది: "మీరు ఎదుర్కొన్న ఒక ప్రమాదకర పరిణామం గురించి చెప్పండి." ధమని చిరగడం, గైడ్‌వైర్ రంధ్రం చేయడం, తొడ దగ్గర రక్తస్రావం ఈ విద్యలో అరుదుగానైనా జరిగేవే. 'నాకు అలాంటివి ఎదురుకాలేదు' అనే జవాబు అభ్యర్థి తగినన్ని చికిత్సలు చూడలేదని చెబుతుంది, లేదా చూసినవాటిని దాస్తున్నాడని చెబుతుంది. ప్రశ్నించేవారు వెతికేది పొరపాటు లేనివారిని కాదు. ఏ క్షణంలో గుర్తించారు, పైవారిని ఎప్పుడు పిలిచారు, రోగి కుటుంబానికి ఎవరు ఏమని చెప్పారు, తరువాత ఏ పద్ధతి మార్చుకున్నారు అనే క్రమాన్ని వారు వింటారు.

ఇక్కడ తెలుగువారికి భాషాపరమైన చిక్కు ఒకటి ఎదురవుతుంది. గురువుల ఎదుట 'నేను చేశాను' అనడం మన సంప్రదాయంలో కొంత అహంగా ధ్వనిస్తుంది. 'మేము చేశాం', 'సార్ చేయించారు' అనడం వినయం. ఈ అలవాటు ఆంగ్లంలోకి కూడా వెంట వస్తుంది. అయితే ముఖాముఖిలో ప్రశ్నించేవారికి తెలియవలసినది సరిగ్గా ఆ కర్త ఎవరన్నదే. కాథటర్ ఎవరి చేతిలో ఉంది? స్టెంట్ పరిమాణాన్ని ఎవరు నిర్ణయించారు? 'మేము' అన్న సర్వనామం వెనుక అభ్యర్థి కనుమరుగవుతాడు. దానికి విరుగుడు గొప్పలు చెప్పుకోవడం కాదు. తన చేయి ఎంతవరకు వెళ్ళిందో, ఎక్కడ గురువు చేయి అందుకుందో విడదీసి చెప్పడం నిజాయితీ, అదే స్పష్టత కూడా.

ప్రశ్నలు అడగడం ఒకవైపు సాగేది కాదు. అభ్యర్థి అడగవలసినవి అంతకంటే ముఖ్యం. ఏటా ఎన్ని చికిత్సలు జరుగుతాయన్నది అందరూ అడిగేదే. వాటిని ఎంతమంది ఫెలోలు పంచుకుంటారన్నది అసలు ప్రశ్న. వేయి చికిత్సలు నలుగురికి, ఆరువందలు ఒక్కరికి అన్నప్పుడు రెండవదే పెద్ద సంఖ్య. ఆ తరువాతి ప్రశ్న, గైడ్‌వైర్ ఎవరి చేతికి వస్తుందన్నది. కవాటాల చికిత్సకు ప్రత్యేక ఫెలో ఉన్న చోట సంక్లిష్టమైన చికిత్సలు అతని వైపు వెళ్ళవచ్చు. అలెన్ క్రిబియే 2002లో ఫ్రాన్స్‌లోని రువాన్ నగరంలో కాథటర్ ద్వారా బృహద్ధమని కవాటాన్ని తొలిసారి అమర్చిన తరువాత ఈ విద్య పరిధి పెరిగింది. ఆ నేర్పు కోసం చాలామంది మరో సంవత్సరం కేటాయిస్తున్నారు. వీటికి సంచాలకుని నుండి కాక, ప్రస్తుతం అక్కడ శిక్షణ పొందుతున్న ఫెలో నుండి, అతడు ఒంటరిగా ఉన్నప్పుడు, జవాబు రాబట్టడం మేలు.

అడగకూడని ప్రశ్నలు కూడా అడుగుతూనే ఉంటారు. పెళ్ళయిందా, పిల్లలను కనే ఆలోచన ఉందా అన్నవి అలాంటివి. గర్భధారణ కారణంగా ఉద్యోగంలో వివక్ష చూపడం 1978 నుండి అమెరికా చట్టరీత్యా నేరారోపణకు కాకపోయినా దావాకు తగిన తప్పు. ఎక్స్-రే కిరణాల నడుమ పనిచేసే ఈ రంగంలో స్త్రీల సంఖ్య చాలా తక్కువ. కిరణాల భయాన్ని ఆ ప్రశ్నకు సాకుగా చూపడం పరిపాటి. కాని దీనికి నియమం ఇదివరకే ఉంది. గర్భిణినని ఉద్యోగిని స్వయంగా లిఖితపూర్వకంగా ప్రకటించిన పక్షంలో, గర్భకాలమంతటికీ కలిపి పిండానికి సోకే కిరణమోత 5 మిల్లీసీవర్టులు మించరాదు. ప్రకటించాలా వద్దా అన్న నిర్ణయం ఆమెదే. సీసపు కవచం లోపల కూడా కొలమానిని ధరించి నెలనెలా లెక్క చూస్తారు. ఇది నిర్వహించవలసిన విషయమే గాని ఎంపికలో తూచవలసిన విషయం కాదు.

4. గడువుల పోటీ:

చాలాకాలం పాటు ఈ ఫెలోషిప్‌కు ఉమ్మడి ఎంపిక విధానం లేదు. ఒక్కొక్క కేంద్రం తనకు వీలైనప్పుడు పిలిచేది, తనకు నచ్చినప్పుడు స్థానం ఇవ్వజూపేది, ఒకటి రెండు రోజులలో అవునో కాదో చెప్పమనేది. 'క' అనే కేంద్రం అభ్యర్థికి అన్నిటికంటే ఇష్టమైనది, కాని అక్కడి ముఖాముఖికి మూడు వారాల వ్యవధి ఉంది. 'గ' నుండి ఈరోజే ఆహ్వానం వచ్చింది, ఎల్లుండితో గడువు ముగుస్తుంది. అభ్యర్థి 'గ'ను ఒప్పుకుంటే 'క'ను ఎన్నటికీ చూడడు. వదులుకుంటే రెండూ పోవచ్చు. పోటీకేంద్రాల కంటే ముందే ఎంచుకోవాలన్న ఆత్రుత వల్ల ఎంపిక కార్డియాలజీ శిక్షణ నడిమికి జరిగింది. క్యాథ్‌ల్యాబ్‌లో కొద్ది నెలలు మాత్రమే గడిపినవారు జీవితకాలపు నిర్ణయం తీసుకోవలసివచ్చేది.

ఇది కొత్త వ్యాధి కాదు. 1940లలో అమెరికా ఆసుపత్రులు ఇంటర్న్‌లను పట్టా రావడానికి రెండేళ్ళ ముందే ఎంచుకునేవి. తేదీలు కట్టడి చేస్తే గడువులు కుంచించుకుపోయాయి. 1949లో పన్నెండు గంటల ఆలోచనా సమయం ఇవ్వాలన్న ప్రతిపాదనను కూడా ఎక్కువేనని ఆసుపత్రుల సంఘం తిరస్కరించింది. ఆ గందరగోళంలో నుండే 1952లో జాతీయ 'మ్యాచ్' పుట్టింది. పదేళ్ళ తరువాత డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే గణితజ్ఞులు సుస్థిరమైన జతకూర్పు ఎప్పుడూ సాధ్యమేనని నిరూపించారు. ఆల్విన్ రాత్, ఇలియట్ పెరాన్సన్ రూపొందించిన అభ్యర్థిపక్ష పద్ధతి 1998 నుండి అమలులో ఉంది. రాత్, షాప్లీలకు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ లభించింది.

ఇంటర్వెన్షనల్ కార్డియాలజీ కూడా ఇటీవలి సంవత్సరాలలో ఈ మ్యాచ్ వైపు మళ్ళింది. దీని పనితీరును అభ్యర్థులు తరచు అపార్థం చేసుకుంటారు. 'క దొరకడం కష్టం, దానిని మొదట రాస్తే గ కూడా చేజారుతుందేమో' అని భయపడి 'గ'ను మొదట రాస్తారు. ఆ భయం నిరాధారం. పద్ధతి అభ్యర్థిని మొదట 'క' ముందుకు తీసుకువెళుతుంది. అక్కడ అతని కంటే ఎక్కువ కోరుకున్నవారితో స్థానాలు నిండితే 'గ' ముందుకు వస్తాడు. అప్పటికి 'గ'లో తాత్కాలికంగా మరొకరు కూర్చుని ఉన్నా, 'గ' జాబితాలో ఇతని పేరు పైన ఉంటే ఆ మరొకరు లేవవలసిందే. జాబితాలన్నీ పూర్తయ్యేవరకు ఏ స్థానమూ ఖరారు కాదు. కనుక ఆలస్యంగా వచ్చినందుకు నష్టం లేదు. నిజమైన ఇష్టాన్ని నిజమైన క్రమంలో రాయడమే అభ్యర్థికి ఉత్తమమైన ఎత్తుగడ. 'మమ్మల్ని ఎన్నో స్థానంలో రాస్తారు?' అని కేంద్రాలు అడగడాన్ని మ్యాచ్ నియమాలు నిషేధించింది అందుకే.

అయినా మ్యాచ్ దానంతట అది నిలబడదు. గ్యాస్ట్రోఎంటరాలజీలో 1986లో మొదలైన మ్యాచ్ 1990ల చివర కుప్పకూలింది. స్థానాలు తగ్గి, దరఖాస్తులు అంతకంటే ఎక్కువగా తగ్గినప్పుడు కేంద్రాలు భయపడి ముందస్తు ఆహ్వానాలకు దిగాయి. 2006లో దానిని పునరుద్ధరించినప్పుడు ఒక కీలకమైన నియమం చేర్చారు: మ్యాచ్‌కు ముందే ఒత్తిడితో ఒప్పుకున్న అభ్యర్థి మనసు మార్చుకోవచ్చు. దానితో ముందస్తు ఆహ్వానానికి విలువ లేకుండా పోయింది. కార్డియాలజీకి ఈ పాఠం సూటిగా వర్తిస్తుంది. సొంత ఫెలోను ముందే ఉంచుకోవాలన్న కోరిక ప్రతి కేంద్రానికీ ఉంటుంది. ఆ తలుపు ఎంత తెరిచి ఉంటే ఉమ్మడి విధానం అంత బలహీనపడుతుంది.

5. ఏడవ సంవత్సరం:

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్యకళాశాలల నుండి వెళ్ళినవారికి మరొక గడియారం కూడా నడుస్తూ ఉంటుంది. జె-1 వీసాపై వైద్యశిక్షణకు గరిష్ఠ పరిమితి ఏడేళ్ళు. మూడు, మూడు, ఒకటి కలిపితే సరిగ్గా ఏడు. రెసిడెన్సీ ముగిశాక గౌరవంగా భావించి చీఫ్ రెసిడెంటుగా ఒక సంవత్సరం పనిచేసినవారికి ఆ లెక్క ఎనిమిదవుతుంది. కవాటాల చికిత్స కోసం అదనపు సంవత్సరం కోరేవారిదీ అదే స్థితి. స్వదేశానికి ఆ నైపుణ్యం అసాధారణంగా అవసరమని రుజువైతేనే పొడిగింపు. హెచ్-1బి వీసా సాధారణ పరిమితి ఆరేళ్ళే కావడం వల్ల, శాశ్వత నివాస ప్రక్రియ ముందే మొదలుకాని పక్షంలో, ఇంటర్వెన్షనల్ సంవత్సరమే బయట పడుతుంది. రెసిడెన్సీ తొలి ఏట తీసుకునే వీసా నిర్ణయం ఏడవ ఏటి ఆశయాన్ని ఈ విధంగా శాసిస్తుంది. ఆ సమయంలో దీనిని హెచ్చరించేవారు అరుదు.

జె-1పై ఉన్నవారు శిక్షణ ముగిశాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి, లేదా మినహాయింపు పొందాలి. 'కాన్రాడ్ 30' పథకం కింద ప్రతి రాష్ట్రం ఏటా ముప్పైమందికి మినహాయింపు సిఫారసు చేయవచ్చు. ప్రతిఫలంగా వైద్యులు తక్కువగా ఉన్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచేయాలి. సాధారణ వైద్యునికి అలాంటి ఊరు దొరకడం సులభం. ఇంటర్వెన్షనల్ కార్డియాలజిస్టుకు ఆ ఊరిలో క్యాథ్‌ల్యాబ్, అత్యవసర వేళ పనిచేసే బృందం, చేతి నేర్పు తగ్గకుండా నిలిపేంతమంది రోగులు ఉండాలి. అలాంటి స్థానాల కోసం అన్వేషణ ఫెలోషిప్ ముగిశాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది. రాష్ట్రాల దరఖాస్తుల కాలం సాధారణంగా శరదృతువులో, అంటే శిక్షణ మొదలై కొద్ది నెలలైనా గడవకముందే తెరుచుకుంటుంది. అందువల్ల ముఖాముఖిలో 'శిక్షణ తరువాత ఏం చేయదలచారు?' అని అడిగినప్పుడు స్వదేశీ సహాధ్యాయి ఆకాంక్షను చెబుతాడు, జె-1 అభ్యర్థి మాత్రం జిల్లాను, ఆసుపత్రిని, తేదీని ఆలోచించుకుని చెప్పవలసి ఉంటుంది.