ఒక షీటు, ఎనిమిది మొహాలు

జర్మనీలో వింటర్ సెమిస్టర్ దగ్గరపడగానే తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఓ సలహా తిరుగుతుంది. తెల్ల గోడకు ఆనుకుని ఫోన్‌లో ఫోటో దిగు, ఏదో ఒక ఫ్రీ యాప్‌లో ఎనిమిది కాపీలు 10×15 షీటు మీద పేర్చు, డీఎం షాపులో కొన్ని సెంట్లకు ప్రింటు తీయించు, కత్తిరించుకుని టెర్మిన్‌కి, అంటే అపాయింట్‌మెంటుకి, పట్టుకుపో. స్టూడియోకి తగలేసే డబ్బుతో వారానికి సరిపడా కూరగాయలొస్తాయని చివర్లో ఓ తోక కూడా ఉంటుంది. 2025 ఏప్రిల్ దాకా ఈ సలహాలో పెద్ద తప్పేమీ లేదు. మే 1 తర్వాత దీన్ని నమ్మి వెళ్లినవాళ్లు ఉత్త చేతులతో వెనక్కొస్తున్నారు.

ఉత్త చేతులతో రావడమంటే ఇక్కడ చిన్న విషయం కాదు. రెసిడెన్స్ పర్మిట్ పొడిగింపుకి విదేశీయుల ఆఫీసైన ఆస్‌లెండర్‌బెహోర్డెలో టెర్మిన్ దొరకడానికి నెలలు పడుతుంది. పాత కార్డు గడువు తీరిపోతూ ఉంటుంది, పార్ట్‌టైమ్ ఇచ్చిన యజమాని కొత్త కార్డేదని అడుగుతూ ఉంటాడు. ఆ పావుగంట కోసం అంతకాలం కాచుకుని, కౌంటర్ దగ్గర కవర్లోంచి కత్తెర గాట్లున్న నాలుగు ఫోటోలు బయటికి తీస్తే, అవతలి ఉద్యోగిని ముట్టుకోను కూడా ముట్టుకోదు.

అపోహ: ఫోటో సైజూ బ్యాక్‌గ్రౌండూ సరిగ్గా ఉంటే తీసుకుంటారు.

వాస్తవం: తీసుకోరు. పాస్‌పోర్టు, జర్మన్ గుర్తింపు కార్డు, మన దగ్గరుండే రెసిడెన్స్ పర్మిట్ కార్డు, ఈ మూడింటికీ 2025 మే 1 నుంచి కాగితం ఫోటో చెల్లదు. మిగిలినవి రెండే దారులు. ఆఫీసులోనే యంత్రం ముందు నిలబడి దిగడం ఒకటి, దానికి 6 యూరోలు. రెండోది, గుర్తింపు పొందిన ఫోటోగ్రాఫర్ దగ్గరో, ఈ సేవ ఉన్న డీఎం లాంటి షాపులోనో దిగడం. వాళ్లు ఫోటోను ఎన్‌క్రిప్ట్ చేసి భద్రమైన క్లౌడ్‌లోకి ఎక్కించి, మీ చేతికి చదరపు కోడ్ ఉన్న చీటీ ఇస్తారు. కౌంటర్లో ఆ కోడ్ స్కాన్ చేస్తే ఫోటో నేరుగా వాళ్ల కంప్యూటర్లోకి దిగుతుంది.

యంత్రాలు ఇంకా అందని ఆఫీసుల కోసం మొదటి మూడు నెలలు, అంటే జూలై 31 దాకా, కాగితం ఫోటో తీసుకునే వెసులుబాటిచ్చారు. ఈ పుకారుకి ఊపిరి పోసింది అదేనని నా అనుమానం. జూన్‌లో ఎవరో అన్నయ్య పని అయిపోయింది, ఆయన గ్రూపులో బొటనవేలు పైకెత్తాడు. ఆ బొటనవేలు ఇంకా దిగలేదు.

ఇందులోంచి పుట్టిన పిల్ల పుకారు మరీ ముచ్చటైనది. "డిజిటల్ ఫోటో అన్నారు కదా, మన ఫోటో ఫోన్‌లో డిజిటల్‌గానే ఉంది, పెన్‌డ్రైవ్‌లో ఇస్తే సరి" అంటారు. ఈమెయిల్ చేస్తామనేవాళ్లూ ఉన్నారు. ఎవరు తీశారో, తీశాక ఎవరు ముట్టుకున్నారో తెలియని ఫైలు వాళ్లకు వద్దు. మీ ఫోటో ఎంత అందంగా వచ్చిందో ఎవరూ చూడరు. కెమెరా నుంచి కౌంటర్ దాకా వచ్చే దారిలో మీ చెయ్యి పడిందా లేదా, అదొక్కటే లెక్క.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఫోటోలు కలపడంలో ఇంకో రకం ఉంది. మనవాళ్లు పక్కపక్కన పేర్చి కలుపుతారు. ఒక మొహంలోకి ఇంకో మొహాన్ని కరిగించి కూడా కలపొచ్చు. దాన్నే మార్ఫింగ్ అంటారు. కళ్లు, ముక్కు, పెదవుల అంచులు ఇద్దరివీ ఒకే చోటికి జరిపి, రంగులు సగం సగం పంచితే, ఇద్దరిలాగానూ కనబడే మూడో మొహం తయారవుతుంది. ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫెరారా, ఫ్రాంకో, మాల్టోని 2014లో ఇలాంటి ఫోటోలు చేసి, మొహాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కి చూపించారు. ఆ ఒక్క ఫోటోతో ఇద్దరినీ సరిపోల్చి అది సరేనంది. అంటే ఒకే పాస్‌పోర్టు మీద ఇద్దరు సరిహద్దు దాటొచ్చు. ఫోటోలు కలపడానికి వాళ్లు వాడింది గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. మన కుర్రాళ్లు ఎనిమిది కాపీలు పేర్చుకునేది కూడా ఉచిత యాప్‌తోనే.

నాలుగేళ్ల తర్వాత ఇది ప్రయోగశాల దాటి వీధిలోకొచ్చింది. 2018లో బెర్లిన్‌కి చెందిన పెంగ్ కలెక్టివ్ అనే కళాకారుల బృందం, తమలో ఒకామె మొహాన్నీ అప్పటి యూరోపియన్ యూనియన్ విదేశాంగ ప్రతినిధి ఫెడెరికా మొగెరీనీ మొహాన్నీ కలిపిన ఫోటోతో దరఖాస్తు పెట్టి, అసలుసిసలు జర్మన్ పాస్‌పోర్టు సంపాదించింది. నిఘా వ్యవస్థల మీద నిరసనగా చేసిన పని అది. ప్రభుత్వం మాత్రం తనకు కావలసిన పాఠమే నేర్చుకుంది. ఫోటోలు ఆఫీసులోనే తీయాలని 2020 మొదట్లో హోంమంత్రి జేహోఫర్ శాఖ ముసాయిదా తెచ్చింది. మా పొట్టలు కొడతారా అని ఫోటోగ్రాఫర్లు గొడవ చేశారు. దాంతో గుర్తింపు పొందిన స్టూడియోలు క్లౌడ్ ద్వారా పంపొచ్చని మెత్తబడ్డారు. చట్టం ఆ ఏడాది డిసెంబర్‌లో వచ్చింది, ఫోటోల భాగం అమలుకి 2025 మే దాకా గడువు పెట్టారు. నాలుగేళ్లకు పైగా ముందే తెలిసిన మార్పును పట్టించుకోని గ్రూపులు, డీఎం డిస్కౌంట్ కూపన్‌ను మాత్రం నాలుగు నిమిషాల్లో అందరికీ చేరవేస్తాయి.

అన్నట్టు, కోటు సంగతి. బయల్దేరే ముందు అమీర్‌పేటలోనో విజయవాడలోనో దిగిన ఫోటోలో తల మనది, కోటూ టై స్టూడియో కంప్యూటర్‌ది. పైగా టచప్ పేరుతో మొహం రెండు ఛాయలు తెల్లబడి, బుగ్గ మీది మచ్చ మాయమవుతుంది. పెళ్లి సంబంధానికి పంపుకోండి, నాకు అభ్యంతరం లేదు. బయోమెట్రిక్ ఫోటోలో మొహం దిద్దడం కుదరదు.

మరి ఎనిమిది మొహాల షీటు పూర్తిగా దండగేనా? కాదు. డ్రైవింగ్ లైసెన్సు ఈ చట్టం కిందికి రాదు, దానికి కాగితం ఫోటోనే. మన దేశపు లైసెన్సుతో ఇక్కడ ఆరు నెలలే నడపొచ్చు, తర్వాత రాత పరీక్షా డ్రైవింగ్ పరీక్షా పాసవ్వాలి కాబట్టి ఆ ఫోటో అవసరం చాలామందికి పడుతుంది. ఇంటి నుంచి వచ్చే అమ్మానాన్నల వీసా దరఖాస్తుకీ కాగితం ఫోటోలే.

అలాంటప్పుడైనా సరిగ్గా చేయండి. 35×45 మిల్లీమీటర్ల ఫోటోలు 10×15 సెంటీమీటర్ల షీటు మీద అడ్డంగా నాలుగు, రెండు వరసలు పడతాయి. 300 డీపీఐ లెక్కన షీటు 1772×1181 పిక్సెళ్లు, ఒక్కో ఫోటో 413×531. ఇక్కడిదాకా యాప్ చేసిపెడుతుంది. అసలు తిప్పలు ప్రింటర్ దగ్గర. అంచు లేకుండా ప్రింటు తీసే యంత్రం, తెల్ల గీత మిగలకుండా బొమ్మను రెండు మూడు శాతం పెంచి చివర్లు కోసేస్తుంది. గడ్డం నుంచి తల పైదాకా మొహం 32 నుంచి 36 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మీరు 35.5 పెట్టుకుంటే, మూడు శాతం పెరిగి 36.6 అవుతుంది, తిప్పికొడతారు. మొహాన్ని 34 దగ్గర ఉంచండి. షీటు మీద ఖాళీ జాగాలో సరిగ్గా 50 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసిపెట్టండి. ప్రింటు చేతికి రాగానే స్కేలు పెట్టి కొలవండి. గీత 51కి పైన ఉంటే ఫోటోలూ అంతే పెరిగాయన్నమాట, కత్తెర తీయకండి.

విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డుకి అడిగే 51 మిల్లీమీటర్ల చదరం ఫోటోతో ఇంకో చిక్కు. అమెరికాలో ఉన్న పిన్ని కొడుకు పంపిన టెంప్లేట్‌లో 4×6 అంగుళాల షీటు మీద ఆరు ఫోటోలు అచ్చంగా ఇముడుతాయి. అక్కడి షీటు 101.6×152.4 మిల్లీమీటర్లు. ఇక్కడి ప్రింటర్ దాన్ని 100×150కి సర్దితే ఫోటో 50 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. ఆరు ఆశ వదులుకుని, షీటుకి రెండే పెట్టండి.

మిగతా నమ్మకాలకు ఒక్కో వాక్యం చాలు. ఫైల్లో 72 డీపీఐని 300గా మార్చితే ఫోటో నాణ్యత పెరగదు, పిక్సెళ్లు ఎన్ని ఉన్నాయో అన్నే ఉంటాయి. కొలాజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి ప్రింటుకి పంపడం చేసిన పనంతా గంగలో కలపడమే. ప్రింటు కదా అని సీఎంవైకేలోకి మార్చకండి, ఫోటో ల్యాబులకు కావలసింది ఎస్‌ఆర్‌జీబీ.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ప్రింటుకి పనికిరాదని ఇన్నాళ్లూ తిట్టేవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే అమ్మానాన్నల షష్టిపూర్తికి పాతిక ఫోటోలు కలిపి గోడకు కొలాజ్ చేసేటప్పుడు ఆ తిట్టు నిలవదని ఒప్పుకోక తప్పదు. వాట్సాప్ మామూలుగా పంపే ఫోటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లుంటుంది, 300 డీపీఐ దగ్గర అది 13 సెంటీమీటర్లకు సరిపోతుంది. కొలాజ్‌లో అరచేయంత గడిలోకి ఢోకా లేదు. మధ్యలో పెద్దగా పెట్టే ఫోటోను మాత్రం డాక్యుమెంట్‌గా పంపమనండి. లేని తాతయ్యను కూడా ఆ ఫ్యామిలీ ఫోటోలో కలపాలనుంటే కలపండి, గోడకు ఏ చట్టమూ అడ్డు రాదు.

కార్డు పనికి వెళ్లేవాళ్లు చేయాల్సింది ఇంతే. టెర్మిన్ ఉత్తరం చివరిదాకా చదవండి. ఫోటో ఆఫీసులోనే తీస్తారా, కోడ్ తెచ్చుకోవాలా అన్నది అందులో లేకపోతే ఈమెయిల్ పెట్టి అడగండి. స్టూడియోలో అడుగుపెట్టగానే కార్డు కోసమని చెప్పండి, లేకపోతే అలవాటుగా కాగితం ఫోటోలు చేతిలో పెడతారు. ఒళ్లో పిల్లలున్నవాళ్లు యంత్రం మీద ఆశ పెట్టుకోకుండా ముందే ఫోటోగ్రాఫర్ దగ్గరికి వెళ్లడం నయం. ఎక్కించిన ఫోటో క్లౌడ్‌లో ఉండేది ఆరు నెలలే, కాబట్టి టెర్మిన్ తేదీ ఖాయమయ్యాకే దిగండి.