కంప్యూటరు భాషలో తొలి పరీక్ష

గుంటూరు, ప్రకాశము జిల్లాల పల్లెలలో బాలికల చదువునకు పంటపనులు అడ్డువచ్చుట క్రొత్త కాదు. పత్తి తీతలకును, మిరప కోతలకును చేతులు చాలనప్పుడు మొట్టమొదట మూతపడునది ఇంటి ఆడుపిల్ల పుస్తకమే. అట్లు చదువు నిలిచిన పడుచులును, బిడ్డలను బడికి పంపి కొంత తీరిక చిక్కించుకొన్న గృహిణులును నేడు ఇంటనుండియే కంప్యూటరు ప్రోగ్రామింగు నేర్చి, తొలి పరీక్ష నిచ్చి, యోగ్యతాపత్రము పొందవచ్చును. ఆ పరీక్ష యెట్టిదో, దానికి సిద్ధపడుట యెట్లో తెలిసికొనుట మేలు.

ప్రోగ్రామనగా యంత్రమునకు మనము వరుసగా వ్రాసి యిచ్చు ఆజ్ఞలు. వానిని వ్రాయుటకు భాషలు పెక్కు గలవు. వానిలో క్రొత్తవారికి సులభమైనదిగా పేరొందినది పైథాను. దీనిని నెదర్లాండ్సు దేశీయుడగు గైడో వాన్ రోసమ్ 1991లో వెలువరించెను. పేరు విని పామని బెదరనక్కఱ లేదు. ఆ పేరు ఒక ఆంగ్ల హాస్య నటబృందమునుండి వచ్చినది. ఈ భాషకు ప్రత్యేకించిన మూలపదములు 35 మాత్రమే. ఓనమాలు దిద్దిన మనకు అవి యొక లెక్కయా?

పరీక్షకు రెండు త్రోవలు చెప్పుదును. మొదటిది, మన దేశపు ఐ.ఐ.టి. విద్యాలయములు నడుపు ఎన్.పి.టి.ఇ.ఎల్. వారిది. పాఠములు ఇంటనుండి ఉచితముగా వినవచ్చును. పరీక్షకు మాత్రమే రుసుము. సాధారణముగా వారము వారము చేయు అభ్యాసములకు 25 మార్కులు, కేంద్రమునకు పోయి వ్రాయు పరీక్షకు 75 మార్కులు. అభ్యాసములలో 10, పరీక్షలో 30 తగ్గకుండ వచ్చినచో యోగ్యతాపత్రము లభించును. రెండవది పైథాన్ ఇన్‌స్టిట్యూట్ వారి పి.సి.ఇ.పి. పరీక్ష. 40 నిమిషములలో 30 ప్రశ్నలు. నూటికి 70 రావలెను. అనగా ఒక్కొక్క ప్రశ్నకు 80 సెకనులు. దీనిని కోరిన దినమున వ్రాయవచ్చును గాని రుసుము డాలర్లలో నుండును.

ఈ పరీక్షలలో బట్టీపట్టిన చదువు అక్కఱకు రాదు. నాలుగు పంక్తుల ప్రోగ్రాము చూపి, "దీనిని నడపిన నేమి వచ్చును?" అని యడుగుదురు. యంత్రము చేయు పనిని మనము కాగితముపై చేయగలిగిననే సమాధానము దొరకును.

ఉదాహరణమునకు, రెండు మిరప టిక్కీల తూకము యంత్రమునకు తెలుపవలెననుకొనుడు. ఇన్‌పుట్ అను ఆజ్ఞతో 40, 42 అని యిచ్చి, రెంటిని కూడుమన్నచో 82 రాదు, 4042 వచ్చును! ఇన్‌పుట్ ద్వారా వచ్చిన దానిని యంత్రము అక్షరములుగా నెంచునే గాని సంఖ్యగా నెంచదు. ఇంట్ అను ఆజ్ఞతో దానిని సంఖ్యగా మార్చిన పిమ్మటనే కూడవలెను. అట్లే 1 మొదలు 5 వఱకు రేంజ్ అని వ్రాసినచో యంత్రము 4తోనే నిలిచిపోవును. అయిదవ టిక్కీ కాటా యెక్కదు. ఒక వాలుగీతతో 8ని 2చే భాగించినచో 4 కాదు, 4.0 వచ్చును. రెండు వాలుగీతలు వ్రాసినచో 4 వచ్చును. ఇట్టి చిన్న తేడాలే పరీక్షకుల ప్రశ్నలు.

కాటా వేయునప్పుడు ఒక్కొక్క టిక్కీ బరువును చీటీపై వేసికొనుట మన వారెఱిగినదే. ప్రోగ్రామును చదువుటయు నట్లే. మొత్తము అను పేరుతో మొదట 0 వ్రాయుడు. 40 కలిపిన 40. 42 కలిపిన 82. 41 కలిపిన 123. ఒక్కొక్క పంక్తి నడచినకొలది విలువ మారుచుండ చీటీపై వ్రాసికొనుడు. తరువాతనే యంత్రముపై నడిపి సరిచూచుకొనుడు. తప్పిన చోట ఏల తప్పెనో తెలుగులో ఒక నోటుబుక్కున వ్రాసికొన్నచో ఇంగ్లీషు తక్కువ వచ్చినవారికి సైతము భయము తీరును. పాఠము ఫోనులో విన్నను, అభ్యాసము కీబోర్డుపై చేయుట మంచిది. కేంద్రములో కూర్చుండునది దాని యెదుటనే.

ఇక కాలము. ఎన్.పి.టి.ఇ.ఎల్. తరగతులు జనవరిలో నొకసారి, జులైలో నొకసారి మొదలగును. జనవరి తరగతుల పరీక్ష ఏప్రిలు ప్రాంతమున వచ్చును. మన సీమలో మిరప కోతలు, కల్లములో కాయ ఎండబెట్టుట, తాలుకాయ లేరుట, తొడిమలు తీయుట అన్నియు అప్పుడే. ఈ పనులన్నియు చాలవఱకు స్త్రీల చేతులమీదుగనే జరుగును. కావున సేద్యపు ఇండ్లవారికి జులై తరగతులే కొంత నయము. అప్పుడును నాట్లు, కలుపులు ఉండును గాని, తెల్లవారుజామున అరగంట, రాత్రి అరగంట మిగుల్చుకొన వీలగును.

ఆ గంట ఆమెకు మిగులుట ఇంటివారి చేతిలో నున్నది. "పరీక్ష ఫీజు కట్టితిమి గదా" యని తండ్రి యూరకుండిన చాలదు. ఆ గంటలో పిలువకుండుట, ఫోను తీసికొనకుండుట, అంట్లపని అన్నదమ్ములు పంచుకొనుట, ఇవియే అసలైన ఫీజు. 1922లో గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు స్త్రీల చదువుకై శారదా నికేతనము స్థాపించిరి. ఆడువారి చదువునకు చోటు కావలెనని నాడు వారు తలచిరి. నేడు చోటు అరచేతిలోని ఫోనులోనే యున్నది, కొఱవడినది కాలము.

ఒక్క హెచ్చరిక. యోగ్యతాపత్రము వచ్చినంతనే ఉద్యోగము రాదు. పత్రముతోపాటు ఉద్యోగము నిప్పింతుమని ముందుగా సొమ్మడుగు వారిని నమ్మకుడు. ఈ పత్రము తొలిమెట్టు మాత్రమే. పై మెట్లెక్కుటకు ధైర్యము నిచ్చును, కష్టపడి చదువగలదని పదిమందికి చాటును.

సోదరీమణులారా! మొదటి యత్నమున తప్పినను సిగ్గుపడ నక్కఱ లేదు. ఇంట చదువగోరు కూతురో, కోడలో ఉన్నచో, జులై తరగతులకు ఇప్పుడే ఆమె గంటను ఏర్పఱచి యిండు.