తుపానుతో సోలార్ ప్రాజెక్టు ఆగితే నష్టం ఎవరిది? ‘ఫోర్స్ మెజ్యూర్’ క్లాజ్‌తో వచ్చేది గడువా, డబ్బులా?

సోలార్, పవన విద్యుత్ ప్రాజెక్టులకు సాధారణంగా 25 ఏళ్ల విద్యుత్ కొనుగోలు ఒప్పందం (పీపీఏ) ఉంటుంది. చెప్పిన తేదీకి కరెంటు ఇవ్వకపోతే కంపెనీ కట్టిన బ్యాంకు గ్యారెంటీకే ఎసరు. మరి మధ్యలో తుపానో, భూకంపమో వచ్చి పనులు ఆగిపోతే? అక్కడే ‘ఫోర్స్ మెజ్యూర్’ క్లాజ్ తెరపైకి వస్తుంది.

అసలేంటీ క్లాజ్?
మనిషి చేతిలో లేని, ముందుజాగ్రత్తతోనూ తప్పించుకోలేని ఘటన వల్ల పని ఆగితే, ఆ మేరకు బాధ్యత నుంచి మినహాయింపు ఇస్తుంది. వరదలు, పిడుగులు, యుద్ధం లాంటివి ఇందులోకి వస్తాయి. ఒప్పందంలో ఈ క్లాజ్ లేకపోతే 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 56 ఒక్కటే దిక్కు. పని అసాధ్యమైపోయిందని నిరూపిస్తేనే అది పనికొస్తుంది.

కరోనా వేళ ఏం జరిగింది?
లాక్‌డౌన్‌తో కూలీలు వెళ్లిపోయారు. చైనా నుంచి రావాల్సిన ప్యానెళ్లు ఆగిపోయాయి. దీంతో 2020 మార్చి 25 నాటికి నిర్మాణంలో ఉన్న ప్రాజెక్టులకు కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ 5 నెలల అదనపు గడువు ఇచ్చింది. ఆధారాలు కూడా అడగొద్దని ఆ ఏడాది ఆగస్టులో ఉత్తర్వుల్లో చెప్పింది. మరోవైపు డిమాండ్ పడిపోయిందంటూ కొన్ని డిస్కంలు ఇదే క్లాజ్‌ను వాడబోయాయి. కేంద్రం మాత్రం సోలార్, పవన విద్యుత్‌ను తప్పనిసరిగా తీసుకోవాల్సిందేనని స్పష్టం చేసింది.

ధర పెరిగితే వర్తిస్తుందా?
వర్తించదు. ఇండోనేషియా బొగ్గు ధర పెరిగిందంటూ విద్యుత్ కంపెనీలు వేసిన కేసులో 2017 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఖర్చు పెరగడం వేరు, పని అసాధ్యం కావడం వేరని దాని సారాంశం. అది థర్మల్ కేసే అయినా సూత్రం సోలార్‌కూ అంతే. ప్యానెళ్ల రేటు పెరిగినా, చేతిలో డబ్బు లేకపోయినా ఈ క్లాజ్ ఆదుకోదు. ప్రభుత్వం కొత్త పన్ను వేస్తే మాత్రం వేరే దారి ఉంది. 2018లో దిగుమతి సోలార్ సెల్స్‌పై సేఫ్‌గార్డ్ డ్యూటీ వేసినప్పుడు కంపెనీలు ‘చట్టంలో మార్పు’ క్లాజ్ కింద పరిహారం కోరాయి.

మర్చిపోకూడనివి ఇవే..
ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే, ఒప్పందంలోని గడువు దాటకుండా అవతలి పక్షానికి నోటీసు ఇవ్వాలి. నష్టాన్ని తగ్గించే ప్రయత్నం కూడా చేయాలి. ఇవన్నీ చేసినా సాధారణంగా దొరికేది గడువే, డబ్బు కాదు. జరిగిన నష్టానికి ఇన్సూరెన్స్ వేరేగా ఉండాల్సిందే.

సామాన్యుడికి ఏంటి?
క్లాజ్ మరీ వదులుగా ఉంటే ప్రాజెక్టులు ఆలస్యమై డిస్కంలు బయట కరెంటు కొనాలి. మరీ బిగిస్తే కంపెనీలు ఆ రిస్క్‌ను ముందే టారిఫ్‌లో కలిపేస్తాయి. ఎటు చూసినా చివరికి ఆ భారం పడేది మన కరెంటు బిల్లుపైనే.